బూడిద దిబ్బలు చెప్పే పూర్వకథ

దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, సుమారు రెండు వేల సంవత్సరాల క్రిందట, నాస్కా అనే జాతివారు ఎడారి నేలమీది నల్లని రాళ్ళను తొలగించి పక్షులు, జంతువుల వంటి మహాచిత్రాలు గీచినారు. వారికి లిపి లేదు. కాబట్టి వారి మతాన్ని ఆ గీతలనుండి, కుండలమీది బొమ్మలనుండి ఊహించవలసినదే. లిపిలేని ప్రాచీనులు నేలమీద తమ గుర్తులు విడిచిన చోటు మనకూ సమీపంలోనే ఉన్నది.

ఎమ్మిగనూరుతో కూడిన ఆదోని తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలోనిదే. బళ్ళారినుండి హోస్పేటకు పోయే దారిలో కుడితిని వద్ద పెద్ద బూడిద దిబ్బ ఒకటి ఉన్నది. ఇటువంటివి రాయచూరు, అనంతపురం ప్రాంతాలలోనూ కలవు. హంపి దగ్గరి దిబ్బను వాలిని దహనం చేసిన చోటని ప్రజలు చెప్పుకొంటారు. కొందరు పండితులు ఇవి ఇనుము కరిగించిన కొలుముల చిట్టెమన్నారు. 19వ శతాబ్దంలోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఇవి పశువుల పేడ కాలగా ఏర్పడినవని గ్రహించినాడు. తరువాత జరిగిన రసాయన పరీక్షలు ఆయన మాటనే బలపరచినవి.

పేడ బూడిద గాజువలె గట్టిపడుట ఎట్లు? గడ్డిలో సిలికా ఉంటుంది. అది పశువు కడుపులో జీర్ణం కాక పేడలో మిగులుతుంది. పెద్ద కుప్ప అంటుకొన్నప్పుడు లోపలి వేడి మిక్కిలి హెచ్చి, బూడిదలోని క్షారాలతో కలిసి సిలికా కరుగుతుంది. చల్లారిన పిదప గాజువంటి గడ్డ అవుతుంది.

1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను త్రవ్వించినాడు. అక్కడ కంచె గుంజలు పాతిన గుంటలు, పొరల నడుమ పశువుల గిట్టల ముద్రలు బయటపడినవి. అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డి. వయస్సు నాలుగు వేల సంవత్సరాలకు పైబడినది. దొడ్డిని కాల్చుట, మరల కట్టుట పలుమార్లు జరిగినది.

ఒకసారి కాలితే ప్రమాదమనవచ్చు. పలుమార్లు కాలితే? ఇది ఋతువును బట్టి జరిపిన అగ్నికార్యమని ఆల్చిన్ అభిప్రాయం. మన భోగిమంటలు, హోళీ మంటలు, కనుమనాటి పశుపూజ ఆ ఆచారపు ఛాయలు కావచ్చునని ఆయన ఊహ. ఇది రుజువైన సత్యం కాదు. రోగాలు రాకుండా దొడ్లను కాల్చియుండవచ్చునని మరికొందరి వాదం. అయితే ఎద్దుపై వారికున్న భక్తి స్పష్టమే. బళ్ళారి దగ్గరి కుప్పగల్లు కొండ రాళ్ళమీద మూపురపు ఎద్దుల బొమ్మలు అనేకం చెక్కినారు. అక్కడి కొన్ని బండలను కొట్టితే గంటవలె మ్రోగుతవి. ఆ ప్రజలు ఉలవలు, పెసలు పండించినారు. చనిపోయిన పసిబిడ్డలను కుండలలో ఉంచి పూడ్చినారు.

ఈ సాక్ష్యం తరిగిపోవుచున్నది. దిబ్బల బూడిదను ఎరువుకై బండ్లకెత్తినారు. కుప్పగల్లు కొండ రాతిగనుల పాలైనది. పొరలు ఒకసారి చెదరినచో గిట్టల ముద్రను మరల చదువలేము. కాబట్టి విద్యార్థులారా! మీ ఊరి పొలిమేరలో తెల్లని బూడిద మట్టి, గాజువంటి గడ్డలు కనిపించినచో త్రవ్వవద్దు. ఆ చోటును, దానిని పెద్దలు పిలిచే పేరును వ్రాసుకొని మీ ఉపాధ్యాయుల ద్వారా పురావస్తు శాఖకు తెలుపండి. లిపిలేనివారి గ్రంథం ఆ పొరలే.