చనిపోయినవారికి రావలసిన బాకీ



కొన్నేళ్ళ క్రితం మా సంఘంలో ఒక సహోదరుని జ్ఞాపకార్థ కూడికలో నేనొక తప్పు చేశాను. ఆయన దగ్గర అప్పు తీసుకొన్న వ్యక్తి అక్కడే ఉన్నాడు. పెద్ద కుమారుడు లేచి, "నాన్నగారి బాకీ క్షమించేశాం" అన్నాడు. నేను "ఆమేన్" అన్నాను. తల్లి తల వంచుకొని కూర్చుంది. ఆమెను ఎవరమూ అడగలేదు. చిన్నమ్మాయి కాలేజీ ఫీజుకు ఆ నోటే ఆధారమని తరువాత తెలిసింది.

మన క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకుండా భర్త మరణిస్తే మూడవ వంతు భార్యది. మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికీ, కుమార్తెలతో సహా, సమానం. రావలసిన బాకీ కూడా ఆస్తే. ఎవరైనా క్షమించదలిస్తే తన వంతు మేరకే క్షమించగలరు.

అడగడానికి సిగ్గుపడి ఆలస్యం చేయకండి. అడిగినప్పుడు చెల్లించవలసిన ప్రామిసరీ నోటుకు దాని తేదీ నుండి 3 ఏళ్ళే గడువు. మరణం ఆ గడువును ఆపదు. గడువులోపల బాకీ ఒప్పుకొంటూ బాకీదారు వ్రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుండి మళ్ళీ 3 ఏళ్ళు. కొంత చెల్లించి, నోటు వెనుక జమ వ్రాసి సంతకం చేసినా అంతే. నోటిమాట చాలదు. కాలదోషం పట్టిన తరువాత కూడా, ఇస్తానని వ్రాసి సంతకం చేస్తే 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ మాట చెల్లుతుంది.

వారసులు దావా వేస్తే, డిక్రీకి సాధారణంగా కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ కావాలి. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అందుకు సరిపోదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. బాకీదారుకు కూడా ఇది మేలే. సర్టిఫికెట్ ఉన్నవారికి నమ్మకంగా చెల్లిస్తే, మరో వారసుడు వచ్చినా రెండవసారి చెల్లించనక్కరలేదు.

ఇక అడిగే తీరు. అప్పిచ్చినవాడు తాకట్టు కోసం ఇంట్లోకి చొరబడక బయట నిలవాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెబుతుంది. పదిమందిలో పరువు తీయకండి. జమ వ్రాయించేటప్పుడు తప్ప అసలు నోటు చేయి దాటనివ్వకండి, జిరాక్సు చూపండి.

ఆ తల్లితో నేనూ వెళ్ళాను. వాకిట్లోనే నిలబడి, "ఆ రోజు నేనన్న ఆమేన్ నాది కాని సొమ్ము మీద అన్నాను, అయ్యా" అని చెప్పాను. నోటుకు అప్పటికి 11 రోజుల గడువుంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లోపలికి వెళ్ళి, రెండువేలు తెచ్చి, నోటు వెనుక జమ వ్రాసి సంతకం చేశాడు.