ఆ కేసెట్ ఖరీదెంత?

'సాగర సంగమం' (1983) చూసినవాళ్ళు ఆ దృశ్యం మరిచిపోగలరా? నృత్యోత్సవం ఆహ్వాన పుస్తకాన్ని జయప్రద కమల్‌హాసన్ చేతికిస్తుంది. మహామహుల ఫోటోలు చూస్తూ మురిసిపోయి పేజీలు తిప్పుతున్నవాడికి, చటుక్కున తన ఫోటోయే కనిపిస్తుంది! బజార్లో ఆ పుస్తకానికి విలువేముంటుంది చెప్పండి? విశ్వనాథ్‌గారు అక్కడ వజ్రాలహారం పెట్టి ఉంటే మన కళ్ళు చెమ్మగిల్లేవా?

ఎందుకలా అంటే, నాకు తెలిసిన జవాబు కరీంనగర్‌లో మా ఇంట్లోనే ఉంది.

మా జిల్లాలో ఊరూరి నుంచీ గల్ఫ్‌కి పోయినవాళ్ళున్నారు. మా అన్నా దుబాయి వెళ్ళాడు. 1986లో తెలిసినాయన చేత తళతళలాడే టేప్‌రికార్డరు, దాంతో ఒక కేసెట్టు పంపాడు. అప్పట్లో ఉత్తరానికి బదులు మాటలే కేసెట్లో నింపి పంపేవారు లెండి. పెట్టగానే అన్న గొంతు... "తమ్మీ! మానేరుల నీళ్ళొచ్చినయా? ఈతకు భయపడి ఒడ్డు మీద ఏడ్సినవ్ సూడు... ఆ ముచ్చట యాదికొస్తే గీడ ఒక్కన్నే నవ్వుకుంట." వెనకాల ఫ్యాను చప్పుడు.

కొన్నాళ్ళకి టేప్‌రికార్డరు పాడైంది. పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. కేసెట్టు మాత్రం అమ్మ నగల డబ్బాలోకి వెళ్ళింది.

సెలవు మీద వచ్చిన అన్న ముందుగా అడిగింది, "టేప్‌రికార్డరేది తమ్మీ?" అనే! సంగతి విని ముఖం చిన్నబోయింది. ఎన్ని నెలలు నోరు కట్టుకుని కొన్నాడో అప్పటిదాకా నాకు తెలీదు.

తప్పు మా ఇద్దరిదే కాదనుకుంటా. 2009లో ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ అనే పరిశోధకులు అమెరికాలో నిశ్చితార్థపు ఉంగరాల గురించి ఆరా తీశారు. ఖరీదు పెరిగేకొద్దీ అమ్మాయి మురిసిపోతుందని ఇచ్చినవాళ్ళ నమ్మకం. పుచ్చుకున్న అమ్మాయిల సంతోషానికీ, ధరకీ పొంతనే లేదు! ఇచ్చేవాడు రూపాయలు లెక్కేస్తాడు. పుచ్చుకునేవాడు మాత్రం 'ఇతని మనసులో నేనెంత ఉన్నాను?' అని వెతుక్కుంటాడు. ఇది నా లెక్క.

మా పక్క సిరిసిల్లలో హరిప్రసాద్ అనే నేతన్న జి-20 చిహ్నాన్ని స్వయంగా మగ్గం మీద నేసి ప్రధానికి పంపాడు. 2022 నవంబరు 'మన్ కీ బాత్'లో ప్రధాని దాని గురించి ప్రత్యేకంగా చెప్పారు. ప్రధానికి కానుకలు కరువా? ఆ గుడ్డలో ఒక మనిషి చేతులు కనిపించి ఉంటాయి.

అన్న సంగతి సగంలో వదిలేశాను కదూ! అలిగి కూర్చున్నాడు. పక్కింటి టేప్‌రికార్డరు అడిగి తెచ్చి, నగల డబ్బాలోంచి కేసెట్టు తీసి పెట్టాను. తన గొంతు తానే విని, "గిన్ని ముచ్చట్లు చెప్పిన్నా?" అన్నాడు. ఒకవైపు అయిపోయింది. నేను లేవబోయేలోగా తనే కేసెట్టు తిప్పి రెండోవైపు పెట్టాడు.