పంటిమీద జిగురు పూసేదెవరు?

మీ తరగతిలో స్నేహితుల పళ్ళు ఎప్పుడైనా గమనించారా? ఒకరి ముందరి పళ్ళమీద గోధుమరంగు మచ్చలు ఉంటాయి. ఇంకొకరి దవడపన్నులో నల్లని గుంట ఉంటుంది. రెండూ ఒకే జబ్బు అనుకుంటున్నారా? కానే కాదు.

మొదటిది నీళ్ళ వల్ల వచ్చింది. అనంతపురం జిల్లానే చూడండి. అక్కడ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. అందుకే ఎన్నో ఊళ్ళు ఎంతోకాలంగా బోరునీళ్ళమీద ఆధారపడ్డాయి. భూమి లోపలి రాళ్ళలో ఉన్న ఫ్లోరైడు ఆ నీళ్ళలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంతకు మించిన నీళ్ళు పసితనం నుంచీ తాగితే, చిగుళ్ళలో తయారవుతున్న పళ్ళే చెడిపోతాయి. దీన్ని ఫ్లోరోసిస్ అంటారు.

రెండోది పిప్పిపన్ను. దీనికి కారణమయ్యే సూక్ష్మజీవుల్లో ముఖ్యమైనది స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్. 1924లో క్లార్క్ అనే శాస్త్రజ్ఞుడు పిప్పిపళ్ళలో దాన్ని కనుక్కున్నాడు.

బెల్లంపాకంతో చేసిన వేరుసెనగ ఉండ తిన్నారనుకోండి. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజ్ అనే చక్కెరే. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు చెయ్యీ చెయ్యీ పట్టుకుంటే సుక్రోజ్ అవుతుంది. మన సూక్ష్మజీవి గ్లూకాన్‌సుక్రేజ్ అనే ఎంజైమును బయటికి వదులుతుంది. అది ఈ జంటను విడదీసి, గ్లూకోజులను పూసల్లా వరసగా గుచ్చుతుంది. ఆ దండే గ్లూకాన్. అందులో చాలా భాగం నీటిలో కరగని జిగురు! దాన్ని పట్టుకుని సూక్ష్మజీవులు పంటికి అంటుకుపోతాయి. చక్కెర తిని ఆమ్లం వదులుతాయి. ఆమ్లానికి పంటి పింగాణీ పొర కొంచెం కొంచెంగా కరిగి గుంట పడుతుంది.

ఈ ఎంజైమును ఆపాలంటే ముందు దాని ఆకారం తెలియాలి. మామూలు సూక్ష్మదర్శినిలో అది కనిపించదు, అంత చిన్నది. మరెలా? చక్కెర పాకం నుంచి కలకండ పలుకులు కట్టడం తెలుసు కదా! అలాగే శుద్ధిచేసిన ఎంజైమును స్ఫటికాలుగా కట్టిస్తారు. స్ఫటికంలో కోట్ల అణువులు ఒకే తీరున బారులు తీరి ఉంటాయి. దానిమీదికి ఎక్స్-కిరణాలు పంపితే అవి చెదిరి చుక్కలు చుక్కలుగా పడతాయి. ఆ చుక్కల్నిబట్టి లెక్కకట్టి, ఏ పరమాణువు ఎక్కడుందో చెబుతారు.

2011లో జపాను శాస్త్రజ్ఞులు ఈ ఎంజైము ఆకారాన్ని ఇలాగే తేల్చారు. అందులో సుక్రోజ్ ఇమిడే ఒక గుంట ఉంది. మధుమేహానికి వాడే అకార్బోజ్ అనే మందు ఆ గుంటలో ఎలా ఇరుక్కుంటుందో కూడా చూశారు. తాళంలో పుల్ల విరిగితే తాళంచెవి దూరదు కదా, అలాగన్నమాట!

అయితే ఒక చిక్కుంది. రాగిసంగటిని, అన్నాన్ని అరిగించడం మొదలుపెట్టే మన లాలాజలపు ఎంజైము అమైలేజ్ కూడా దీనికి దూరపు చుట్టమే. దొంగను పట్టబోయి ఇంటివాణ్ణి కట్టేస్తే ఎలా? అందుకే రెండింటి ఆకారాల్లోని తేడాలు వెతికి, సూక్ష్మజీవి ఎంజైమును మాత్రమే ఆపే మందుకోసం ప్రయత్నిస్తున్నారు.

అంతవరకూ మన చేతిలో ఉన్న ఉపాయం ఏమిటి? ఆ జిగురు నీళ్ళకు కరగదన్నాం. కాబట్టి పుక్కిలిస్తే చాలదు, తోమాలి. ముఖ్యంగా రాత్రి పడుకోబోయే ముందు!