నాగమ్మ పేరు మారలేదు

దర్శి ప్రాంతపు పల్లెలలో ఆదివారము నాడు వేదపుస్తకము చేతబట్టి ప్రార్థనామందిరమునకు పోవు స్త్రీలను మనము చూచుచునే యుందుము. వారి ముత్తవ్వలకు ఊరిబావి చెంత చోటు లేకుండెను. "మీ రెవ్వరు?" అని యడిగిన, ఫలానా ఆసామిగారి మాదిగలమని చెప్పుకొనుటయే కాని వేరు జవాబు వా రెరుగరు. ఈ మార్పున కాదియందు నిలిచినవారు యెఱ్ఱగుంట్ల పేరయ్యయు, నాతని భార్య నాగమ్మయు.

పేరయ్యది తాళ్ళకొండపాడు, తోళ్ళ వర్తకము వృత్తి. సత్య మెచ్చట నున్నదో యని చిరకాలము వెదకినవాడు. బండికట్ల వీరమ్మ యను గురువు నాశ్రయించి రాజయోగ మభ్యసించెను. (ఒక స్త్రీ గురువై పురుషునకు యోగము నేర్పెననుట మన సోదరీమణులు గమనింపదగిన మాట.) ఆ మీదట వర్తకమునకై ఉత్తరమునకు పోయి, ఏలూరిలో అలెగ్జాండరు దొరవలన క్రీస్తువార్త వినెను. 1866 మార్చిలో జ్యూయెట్ దొర యొంగోలునందు ఆ దంపతులకు బాప్తిస్మ మిచ్చెను. ఆ యేటనే క్లౌ దొర వచ్చెను; 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురతో ఒంగోలు సంఘ మేర్పడెను. ఆ నెలలోనే తాళ్ళకొండపాటి చింతతోపునకు ఆయన గుఱ్ఱమెక్కి పోగా, 28 మంది బాప్తిస్మము పొందిరి.

చేరువారికి క్లౌ దొర పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు స్వల్పములే. కాని చచ్చిన గొడ్డు మాంసమే ఆ యింటి కూడు. జాతరలో డప్పు కొట్టుట ఊరివారికి చేయవలసిన ఊడిగము. ఆదివారము కోతకు రామనిన కళ్ళములో గింజ లెవరు కొలుతురు? పెత్తందారులకు కోపము వచ్చెను. పలుచోట్ల పనులు మాన్పించిరి, నీళ్ళు కట్టడి చేసిరి. అట్టి దినమున పిల్లల కేమి వండవలెనో యోచించినది ఇంటి యిల్లాలే గదా! గ్రంథములలో పేరయ్యను గూర్చి పుటలు గలవు. నాగమ్మను గూర్చి కొలది మాటలే యున్నవి.

అగ్రవర్ణస్థులు కొందరు, మాదిగలను చేర్చుకొననిచో తాము వత్తుమని క్లౌ దొరతో పలికిరట. ఆయన తన గదిలో వేదపుస్తకము తెరవగా కొరింథీయుల మొదటి పత్రికలో, అల్పులను దేవుడు పిలిచెనను భాగము కనబడెను. వేరొక గదిలో ఆయన భార్య హారియెట్ దొరసానియు ఆ పుటనే తెరచెనట! వా రిరువురును మాదిగలను విడువలేదు.

కూటికై చేరిరను నింద మాత్రము నేటికిని వినవచ్చుచున్నది. 1876-78 కరవులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించెను. కాని సహాయము సాగిన కాలమున బాప్తిస్మము లాపివేసెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి కడ ఒక్కదినమున 2,222 మంది నీట మునిగిరి.

ఒంగోలు అబ్రాహాము వంటివారు క్రొత్తపేరు పెట్టుకొనిరి. పేరయ్య పేరయ్యగనే, నాగమ్మ నాగమ్మగనే యుండిరి. నా కిదియే ముచ్చటగా తోచును. కూలి నాగి గౌరవమున కర్హురాలైన నాగమ్మ యగుటకు పరదేశపు పేరు కావలసిరాలేదు.

అయితే సర్కారు కాగితమునకు ఈ లెక్క వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందు చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశములో వీరు వెనుకబడిన తరగతులలో 'సి' వర్గము. వారి వంతు నూటి కొకటి. అందువలన మందిరములో మేరీగను, బడి దస్తావేజులో వేరు పేరుగను రెండు బ్రదుకులు బ్రదుకు తల్లులు మన పల్లెలలో గలరు. బిడ్డను బడిలో వేయబోయి, కులము, మతము అను రెండు గడుల యెదుట కలము పట్టుకొని, "ఏమి వ్రాయుదు నయ్యా?" అని పంతులు నడుగుచున్నారు.