ఓడలు పేలితేనే బజారు నిలబడేది

ఎడిటర్ గారు చెప్పింది సూటిగానే ఉంది: ‘ఆన్‌లైన్ ఆటల్లో వస్తువులు కొని, అమ్మి డబ్బు చేసుకుంటున్నారట. ముఖచిత్ర కథనం కావాలి. గురువారానికి పేజీలు వెళ్లిపోవాలి.’ ఆ ‘డబ్బు చేసుకోవడం’ మీద నాకు మొదటినుంచీ గురి తక్కువే. అందుకని లక్షలు గడించిన కుర్రాళ్ల కోసం వెతకడం పక్కనపెట్టి, ఒక నివేదిక ముందేసుకుని కూర్చున్నాను. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో సీసీపీ అనే కంపెనీ ఉంది. అది నడిపే ‘ఈవ్ ఆన్‌లైన్’ ఆటకు సంబంధించిన నెలవారీ ఆర్థిక నివేదిక ఇది. ధరల సూచీలు, ప్రాంతాలవారీ ఉత్పత్తి, చలామణిలో ఉన్న డబ్బు, అన్నిటికీ గ్రాఫులు. ఎకనామిక్స్ చదివినవాడికి ఇది అచ్చం ఒక దేశపు లెక్కల పుస్తకమే.

2003 మే నెలలో మొదలైన ఈ ఆటలో వేల నక్షత్ర మండలాలున్నాయి. చైనా వాళ్లకు సర్వర్ విడిగా ఉంది. మిగతా ప్రపంచమంతా ఒకే లోకంలో ఆడుతుంది. కొద్ది మినహాయింపులు వదిలేస్తే, ఇక్కడ మీరు నడిపే ఓడను ఇంకో ఆటగాడే కట్టి ఉండాలి. ఒకడు గ్రహశకలాలు తవ్వి ట్రిటానియం, పైరైట్ లాంటి ఖనిజాలు తీస్తాడు. మరొకడు బ్లూప్రింట్ పెట్టి ఓడ తయారు చేస్తాడు. ఇంకొకడు దాన్ని సరుకు ఓడలో వేసుకుని, దారిలో కాపుకాసే దొంగలను తప్పించుకుంటూ జీటాకు చేరుస్తాడు.

ఆ లోకానికి జీటా గుంటూరు మిర్చి యార్డు. అక్కడ పలికిన ధరే అంతటా కొలమానం. దాన్ని మార్కెట్ కేంద్రంగా కంపెనీ ఎన్నడూ ప్రకటించలేదు. తొలి రోజుల్లో బేరాలన్నీ యూలై అనే చోట సాగేవి. కంపెనీ దారులు మార్చాక యూలై వెలవెలబోయింది, జనం జీటాలో పోగయ్యారు. అమ్మేవాళ్లు ఎక్కువైతే ఎక్కడైనా జరిగేదే ఇక్కడా జరిగింది. ఒకడు పెట్టిన ధరకు పైసా తగ్గించి మరొకడు, అతని కంటే పైసా తగ్గించి ఇంకొకడు. 0.01 ఇస్క్ తేడాతో రోజంతా తెర ముందు కూర్చునేవాళ్లు. ఇస్క్ అంటే ఆటలోని డబ్బు. ఈ చాదస్తాన్ని ఆపడానికి 2020లో నిబంధనలు మార్చి, పైసా తగ్గిస్తే చెల్లదు పొమ్మన్నారు.

నివేదికలో నన్ను కట్టిపడేసింది కుళాయిల, తూముల పట్టిక. కుళాయిలంటే కొత్త డబ్బు పుట్టే దారులు. కంప్యూటర్ నడిపే శత్రువును చంపితే వచ్చే బహుమానం, కంప్యూటరే కొనుక్కునే కొన్ని సరుకుల ధర, పోయిన ఓడకు బీమా. తూములంటే డబ్బు మాయమయ్యే దారులు. అమ్మకపు పన్ను, బ్రోకర్ రుసుము, కంప్యూటర్ అమ్మే నైపుణ్య పుస్తకాలు. ఇద్దరు ఆటగాళ్ల మధ్య బేరంలో, పన్నూ రుసుమూ పోగా మిగిలిన డబ్బు పుట్టదు, చావదు, చేతులు మారుతుందంతే. కుళాయి ఎక్కువ తిప్పితే ధరలు ఎగబాకుతాయి, తూము ఎక్కువ తెరిస్తే కొత్తవాడి చేతిలో చిల్లిగవ్వ ఉండదు.

ఇక్కడ బీమా సంగతి ఆగి చూడాలి. ఓడ పేలితే వస్తువు శాశ్వతంగా పోతుంది, కానీ బీమా రూపంలో డబ్బు కొత్తగా పుడుతుంది. ఒకప్పుడు ఈ పరిహారం స్థిరంగా ఉండేది. ఖనిజాలు చవకైనప్పుడు కొందరు బుర్ర పెట్టారు. ఓడ కట్టే ఖర్చు కంటే బీమా ఎక్కువ వస్తోంది. ఇంకేం, పెద్ద ఓడలు కట్టడం, బీమా చేయడం, స్వీయ విధ్వంసం మీట నొక్కడం, రెండు నిమిషాలు ఆగి డబ్బు తీసుకోవడం. మళ్లీ ఇంకో ఓడ. యుద్ధం లేదు, శత్రువు లేడు. ఈ మోసం వల్ల ఒక వింత మేలు కూడా జరిగింది. ఖనిజం ధర బీమా మట్టం కంటే దిగజారకుండా ఆగింది, ప్రభుత్వం మద్దతు ధర ప్రకటించినంత పనైంది. 2010లో పరిహారాన్ని మార్కెట్ ధరకు ముడిపెట్టడంతో ఆ దుకాణం కట్టేశారు.

పట్టికలో ఇంకో పద్దు ఉంది. ఆట మానేసినవాళ్ల ఖాతాల్లో నిద్రపోయే డబ్బు, నిషేధానికి గురైనవాళ్ల డబ్బు. దాన్ని ఖర్చు కింద రాయలేరు, చలామణిలో ఉందనీ అనలేరు. అందుకే దాని లెక్క విడిగా చూపిస్తారు. ఆ ఆటగాడు మూడేళ్ల తర్వాత తిరిగొస్తే డబ్బూ తిరిగొస్తుంది.

ఈ ఇస్క్ అసలు రూపాయితో, డాలరుతో ఎక్కడ కలుస్తుందంటారా? ప్లెక్స్ అనే వస్తువు దగ్గర. డబ్బున్నవాడు కంపెనీ దగ్గర నిజం డబ్బుతో దాన్ని కొంటాడు, తీరిక ఉన్నవాడికి ఇస్క్‌లకు అమ్ముతాడు. 500 ప్లెక్స్ ఉంటే ఒక నెల చందా. తీరిక ఉన్నవాడు ఉచితంగా ఆడుతున్నానని మురిసిపోతాడు గానీ, అతని చందా ఎవరో ఒకరు కట్టేశారు. ఇస్క్‌ను తిరిగి నిజం డబ్బుగా మార్చుకోవడం మాత్రం నిషిద్ధం. దారి లోపలికే.

మళ్లీ ఓడల దగ్గరికొద్దాం. 2014 జనవరి 27, 28 తేదీల్లో ఈవ్‌లో ఒక మండలానికి కట్టాల్సిన అద్దె కట్టకపోవడంతో మొదలైన యుద్ధంలో టైటాన్ అనే భారీ ఓడలు 75 బూడిదయ్యాయి. నష్టం 3 లక్షల డాలర్ల పైమాటేనని అప్పట్లో లెక్కగట్టారు. పత్రికలు గుండెలు బాదుకున్నాయి. నా దృష్టిలో ఆ బజారుకు జరిగిన మేలు అదే. పోయిన ఓడలన్నీ మళ్లీ కట్టాలిగా! తవ్వేవాడికి, కట్టేవాడికి, మోసేవాడికి పని దొరికింది.

చరిత్ర గబగబా చెప్పేస్తాను, పేజీలో చోటు లేదు. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్. వాటి వస్తువులు ఈబేలో అమ్ముడయ్యేవి. 2001లో ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా అనే ఆర్థికవేత్త ఎవర్‌క్వెస్ట్ లోకపు తలసరి ఉత్పత్తి లెక్కగట్టి, రష్యాకూ బల్గేరియాకూ మధ్యలో ఉందన్నాడు. 2007లో సీసీపీ ఏకంగా ఐయొల్ఫుర్ గుడ్ముండ్సన్ అనే ఆర్థికవేత్తను కొలువులో పెట్టుకుంది. 2012లో వాల్వ్ అనే ఆటల కంపెనీలో చేరిన ఆర్థికవేత్త యానిస్ వరుఫాకిస్ 2015లో గ్రీసు ఆర్థిక మంత్రి అయ్యాడు.

మూతపడ్డ వేలంశాల

డయాబ్లో 3లో 2012లో నిజం డబ్బుతో వేలంశాల తెరిచారు. రాక్షసుణ్ని చంపి కత్తి సంపాదించడమే ఆ ఆట మజా. కత్తి బజార్లోనే దొరుకుతుంటే చంపడమెందుకు? 2014 మార్చి 18న మూసేశారు.

కొని తగలబెట్టే పన్ను

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో 2021 డిసెంబరులో అమ్మకాల మీద 1 శాతం పన్ను వేశారు. అందులో కొంత సొమ్ముతో ఆటే మార్కెట్లో వస్తువులు కొని చెరిపేస్తుంది. ఆ ఆటలో ఓడలు పేలవు కదా, వస్తువు తగ్గాలంటే ఇదో దారి.

ఒక్క అప్‌డేట్‌తో

వాల్వ్ ఆట కౌంటర్ స్ట్రైక్ 2లో కత్తుల స్కిన్లు, అంటే పై అలంకారాలు, అరుదు కాబట్టే ఖరీదు. 2025 అక్టోబరు 22న, ఐదు ఎరుపు శ్రేణి వస్తువులు ఇస్తే కత్తి గానీ గ్లవ్స్ గానీ వచ్చేలా వాల్వ్ నిబంధన మార్చింది. ట్రాకింగ్ సైట్ల అంచనా ప్రకారం ఒకటి రెండు రోజుల్లోనే మార్కెట్ విలువలో పావు వంతుకు పైగా ఎగిరిపోయింది. ఎరుపు శ్రేణి ఉన్నవాళ్లకు పండగ, కత్తులు దాచుకున్నవాళ్లకు పాడె.

మన ఇళ్లలో పిల్లలు ఎక్కువగా ఆడే బీజీఎంఐలో యూసీ (ఆటలోని డబ్బు) పెట్టి కొన్న చొక్కాను ఇంకో ఆటగాడికి అమ్ముకునే బజారే లేదు. అది వట్టి ఖర్చు, అలాగే లెక్కేసుకోండి. స్కిన్లు కొంటానని అడిగే పిల్లలుంటే మాత్రం ఒక సంగతి చెప్పండి. వాల్వ్ నడిపే స్టీమ్ మార్కెట్లో అమ్మితే వచ్చే సొమ్ము స్టీమ్ వాలెట్‌లోకే చేరుతుంది. అక్కడినుంచి బ్యాంకు ఖాతాకు దారి లేదు.