సేవాగఢ్‌కు వచ్చే తండాలు

ఫిబ్రవరి 15 దగ్గర పడితే గుత్తి స్టేషన్‌లో మా బంజారా భాష గోర్ బోలి గట్టిగా వినబడుతుంది. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణల నుంచి బంజారాలు గుత్తి దగ్గరి సేవాగఢ్ చేరే రోజులవి. మా గురువు సేవాలాల్ మహరాజ్ 1739లో ఆ తేదీన అక్కడే పుట్టాడని మా పెద్దల మాట. కర్ణాటకలోని సూరగొండనకొప్పే జన్మస్థలమనేవాళ్ళూ ఉన్నారు. ఆ తగవు నాకు పట్టదు. జనం రావడమే నాకు ముఖ్యం.

మాది కదిరి వైపు సుగాలి తండా; బంజారాలను ఇక్కడ సుగాలీలంటారు. మా పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగినవాళ్ళు. రైళ్ళొచ్చాక ఆ వ్యాపారం పోయింది. 1871లో తెల్లదొరలు మొదలుపెట్టిన నేరస్థ జాతుల చట్టం మాలో ఎందరికో దొంగలన్న ముద్ర వేసింది. తిరుగుడు ఆగింది, తండాలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణల్లో మేం ఎస్టీలం, కర్ణాటకలో ఎస్సీలం, మహారాష్ట్రలో విముక్త జాతి. ఒకే మనుషులం, రాష్ట్రం దాటితే సర్టిఫికెట్టు మారిపోతుంది.

మా జిల్లాలో మావాళ్ళలో చాలామంది పేరు చివర నాయకే. గోత్రం పిల్లలకు తెలియకుండా పోతోంది. సేవాగఢ్‌లో సోలాపూర్ నుంచి వచ్చిన ఒక ముసలామె మా అమ్మాయిని ముందు అడిగింది గోత్రమే. నేను రాథోడ్ అని చెప్పగానే, తామూ రాథోడ్‌లేనని, మనవరాలివేనని దగ్గరకు తీసుకుంది. నిప్పులో నెయ్యి పోసి భోగ్ పెట్టేటప్పుడు ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. మహారాష్ట్రలో కూడా మనవాళ్ళున్నారని మా అమ్మాయికి ఆ రోజే తెలిసింది. బడిలో ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

టర్కీ, ఇరాన్, ఇరాక్, సిరియాల మధ్య చీలిపోయిన కుర్దులదీ ఇలాంటి కథే. టర్కీలో 1991 దాకా వాళ్ళ భాష మీద చట్టమే నిషేధం పెట్టింది. జర్మనీలో పుట్టిన కుర్దు పిల్లలు సెలవులకు తాతల ఊరికి వెళ్తే, ఇంట్లో సగం సగం విన్న భాషను అక్కడ వీధంతా మాట్లాడుతుంటుంది.

మాకు అలాంటి ప్రయాణం ఇంకా అవసరం. వాన రాక వేరుశనగ ఎండిపోతే మా తండాలు బెంగళూరుకు, కేరళకు కూలికి పోతాయి. కట్టడాల దగ్గర పెరిగే పిల్లలకు కన్నడమో మలయాళమో ముందు వస్తుంది. గోర్ బోలికి సొంత లిపి లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చోటూ లేదు. ఆ చోటు కోసం అడుగుతూనే ఉందాం. ఈలోగా తండాల్లోని అమ్మానాన్నలకు నా మనవి ఒకటే: ఇంట్లో పిల్లలతో మన మాటే మాట్లాడండి, వచ్చే ఫిబ్రవరిలో వాళ్ళను గుత్తికి తీసుకురండి.