సంస్థాగత పరిశోధన – వృత్తిసంఘముల ఆవశ్యకత

విశ్వవిద్యాలయములో జరుగు పరిశోధన వేఱు. విశ్వవిద్యాలయమును గూర్చి జరుగు పరిశోధన వేఱు. ఎందఱు చేరిరి, ఎందఱు ఉత్తీర్ణులైరి, నడుమ చదువు మానినవారెవరు, ఏల మానిరి అను ప్రశ్నలకు విద్యాసంస్థ తన దస్త్రములనుండియే సమాధానములు వెదకుకొనుట రెండవ తెగకు చెందినది. దీనినే సంస్థాగత పరిశోధన యందురు.

అమెరికాలో ఈ పని చేయువారు 1960వ దశకమున ‘అసోసియేషన్ ఫర్ ఇన్‌స్టిట్యూషనల్ రీసెర్చ్’ అను వృత్తిసంఘముగా ఏర్పడిరి. ఐరోపాలో ఇట్టివారి సమావేశములు 1979లో ఆరంభమైనవి. సభ్యులకు శిక్షణ నిచ్చుట, పదములకు ఏకరీతి నిర్వచనములు కుదుర్చుట, ఒకచోట కనుగొన్నదానిని వేఱొకచోటికి తెలియజేయుట ఇట్టి సంఘముల పనులు. వీనిలో నిర్వచనముల పని మిక్కిలి విలువైనది. ఒక కళాశాల పరీక్షకు రానివారినెల్ల ‘మానినవారు’గా లెక్కించి, మఱియొకటి బదిలీపత్రము గైకొన్నవారిని మాత్రమే అట్లు లెక్కించినచో, ఆ రెండు అంకెలను పోల్చి ప్రయోజనము లేదు.

మన దేశమున 1925లో ఏర్పడిన ఇంటర్ యూనివర్సిటీ బోర్డు 1973లో భారత విశ్వవిద్యాలయ సంఘమని పేరు మార్చుకొనినది. అది విశ్వవిద్యాలయముల సంఘమే కాని, ఈ వృత్తి చేయువారి సంఘము కాదు. 1994లో జాతీయ మూల్యాంకన, గుర్తింపు మండలి నెలకొనిన పిమ్మట కళాశాలలలో అంతర్గత నాణ్యతా విభాగములు వెలసినవి. 2010-11 నుండి అఖిల భారత ఉన్నత విద్యా సర్వేక్షణ జరుగుచున్నది. 2021-22 సర్వేక్షణ ప్రకారము విద్యార్థులు సుమారు 4.33 కోట్లు, స్థూల నమోదు నిష్పత్తి 28.4. అంకెలకు కొదువ లేదు. కాని అంకె వేఱు, దాని హేతువు వేఱు.

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూరు జిల్లాయందలి ఆవపల్లిని ఉదాహరణముగా గైకొందము. ఇది తెలంగాణ సరిహద్దునకు చేరువైన ప్రాంతము. ఇచట దోర్లీ, గోండీ, తెలుగు మాటలు వినవచ్చును. బడి చదువు మాత్రము ప్రధానముగా హిందీలో సాగును. ఈ ఊరి బాలిక యొకతె బీజాపూరు కళాశాలలో చేరి, మఱుసటి సంవత్సరము భద్రాచలమునందు చేరినదనుకొందము. మొదటి కళాశాల దస్త్రమున ఆమె చదువు మానినది. రెండవదానిలో క్రొత్తగా చేరినది. ఒకే విద్యార్థిని ఒకచోట నష్టముగాను, మఱొకచోట లాభముగాను కనబడును. ఆమె భాషకొఱకు వెళ్లినదా, వసతిగృహము కొఱకు వెళ్లినదా, బంధువులుండుటచే వెళ్లినదా అను సంగతి ఎచటను నమోదు కాదు. 2021లో ఏర్పడిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఆమె సంపాదించిన క్రెడిట్లను భద్రపఱుపగలదు. వెళ్లిన కారణమును చెప్పజాలదు.

ఈ పొరపాటు కాగితమునకే పరిమితము కాదు. బాలికలు చదువునందు ఆసక్తి లేక మానుచున్నారని తలచిన సంస్థ వారికి హితబోధ చేయును. వసతి చాలక వెళ్లుచున్నారని తెలిసిన సంస్థ గదులు కట్టించును. కారణమును తప్పుగా గ్రహించినచో ధనము తప్పుదారి పట్టును. తరువాత వచ్చు బాలికకును అదే కష్టము మిగులును.

సరిహద్దు దాటు విద్యార్థిని ఒక్క సంస్థ తనంతట అనుసరింపజాలదు. కావున జగదల్పూరునందలి బస్తరు ప్రాంత విశ్వవిద్యాలయమును, తెలంగాణ, ఆంధ్రప్రదేశములందలి విశ్వవిద్యాలయములును తమ దస్త్రములు చూచు ఉద్యోగులను ఒకచోట కూర్పవలయును. విద్యార్థుల పేర్లు బయటపడకుండ, ‘మానుట’, ‘మాఱుట’ అను రెండు పదములకు ఉమ్మడి నిర్వచనము నిర్ణయించుకొనుటతో ఆ సంఘము తన పని ఆరంభింపవచ్చును.